లాప్‌టాపు, డాకింగ్ స్టేషను: కలుపుట, విడదీయుట

ధర్మవరమున పట్టుచీర మగ్గమెక్కుటకు ముందు దాని అంచు, కొంగు, బుటాలు గళ్ళ కాగితము మీద రూపు దిద్దుకొనుట చిరకాలముగా వచ్చిన పద్ధతి. ఆ గళ్ళను చూచి అట్టలకు రంధ్రములు కొట్టువారు కొందరు. ఆ అట్టలను వరుసగా కుట్టి జాకార్డునకు తగిలించువారు మరికొందరు. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట తిరుగవలెను గనుక, పెద్ద కొంగునకు అట్టలు వందలు, ఒక్కొక్కప్పుడు వేలు కూడ కావచ్చును. నేడు ఆ గళ్ళ కాగితపు పని పెక్కుచోట్ల కంప్యూటరు తెర మీద జరుగుచున్నది. గీసిన నమూనా ఒక ఫైలగును. ఆ ఫైలు అట్టలు కొట్టు యంత్రమునకు పోవును. ఎలక్ట్రానిక్ జాకార్డు గల మగ్గమైనచో అట్టల అవసరమే లేక, ఫైలే నేరుగా మగ్గమున కెక్కును.

ఇందులో ఒక విశేషము కలదు. ఫ్రాన్సు దేశమున లియాన్ పట్టు నేతగాండ్ర మధ్య పుట్టి పెరిగిన జోసెఫ్ మరీ జాకార్డు 1804 ప్రాంతమున తన మగ్గమునకు చిల్లుల అట్టలను అమర్చెను. ఇంగ్లండున చార్లెస్ బాబేజ్ 1830 దశకమున తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఆదేశములు ఆ అట్టల ద్వారానే అందవలెనని ఊహించెను. 1890 నాటి అమెరికా జనగణనలో హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులతోనే జనసంఖ్యను లెక్కించెను. అనగా కంప్యూటరు మగ్గము నుండి ఒక విద్యను అప్పు తెచ్చుకొన్నది. ఇప్పుడు మగ్గమున్న ఇంటికి, తాతగారింటికి మనుమడు వచ్చినట్లు, తిరిగి వచ్చినది. వచ్చిన మనుమని మర్యాదగా సాగనంపుట ఎట్లు అనునదే నేటి మా ప్రసంగము.

లాప్‌టాపు తెర చిన్నది. చీర అంచును మొదలు నుండి తుద వరకు ఒక్కచూపులో చూడవలెనన్నచో పెద్ద తెర కావలెను. గంటల తరబడి గళ్ళు నింపువానికి వేరే మౌసు, వేరే కీబోర్డు కావలెను. పాత నమూనాలున్న హార్డ్ డిస్కు, ప్రింటరు, ఇంటర్నెట్టు తీగ, కరెంటు తీగ, ఇన్నియు కావలెను. ప్రతి ఉదయము ఏడు తీగలు తగిలించుట, ప్రతి సాయంకాలము ఏడు తీగలు ఊడదీయుట విసుగు పని. ఈ తీగలన్నిటిని ఒకచోట శాశ్వతముగా తగిలించి యుంచి, లాప్‌టాపునకు మాత్రము ఒక్క తీగతోనో, ఒక్క నొక్కుతోనో సంబంధము కలుగజేయు సాధనమునకే డాకింగ్ స్టేషను అని పేరు. సంక్షేపముగా డాకు అందురు. ఇంగ్లీషున ఆ మాటకు రేవు అని అర్థము. ఓడ వచ్చి కట్టుబడు చోటు.

అనంతపురపు ఎండలో రేవు ఉపమానము శ్రోతలకు అంతగా అతకకపోవచ్చును. మనకు రైలు జంక్షను దగ్గర. గుంతకల్లు నుండి బెంగళూరు పోవు దారిలో ధర్మవరము, పెనుకొండ, హిందూపురము వరుసగా వచ్చును. అందులో ధర్మవరము నుండి పాకాల వైపు మరియొక దారి చీలును. రైలింజనును పెట్టెల నుండి విడదీయుట చూచినవారికి ఒక సంగతి తెలిసియుండును. రైల్వే పనివాడు ముందుగా బ్రేకు గొట్టముల మీది మరలను ఇరువైపుల మూయును. తరువాతనే గొట్టములను విడదీసి, కొక్కెమును తప్పించును. గొట్టములో గాలి ఒత్తిడి యుండగానే పెరికివేయడు. ఇంజను కదలకముందే ఈ క్రమమంతయు ముగియవలెను. డాకు విషయమునను కథ ఇంతే. తీగ ఊడదీయుట చివరి పని. మొదటి పని కాదు.

ఈ సాధనము క్రొత్తది కాదు. 1992లో ఆపిల్ కంపెనీ పవర్‌బుక్ డ్యుయో అను చిన్న కంప్యూటరునకు ఒక పెద్ద డాకును చేసినది. వీడియో కాసెట్టును యంత్రము లోనికి తీసికొనునట్లు, అది మూసిన కంప్యూటరును మోటారుతో తనలోనికి లాగుకొనెడిది. విండోస్ 95లో, తగిన డాకు ఉన్న యంత్రములకు, స్టార్ట్ పట్టికలోనే 'ఎజెక్ట్ పీసీ' అని ఒక ఆదేశముండెడిది. దానిని నొక్కి, సిద్ధమని జవాబు వచ్చిన పిమ్మట యంత్రమును ఎత్తుకొనవలెను. తరువాత కార్యాలయములలో కనబడిన డాకులు పీటల వంటివి. లాప్‌టాపు అడుగున ఉన్న సంధి పీట మీది సంధితో టక్కున కలియును. విడదీయుటకు పీటకే ఒక బొత్తామో, మీటయో యుండును. ఆ కాలపు వారికి 'అడిగి తీయవలెను' అను సంగతి సాధనమే నేర్పెడిది.

2014లో యూఎస్‌బీ-సీ అను క్రొత్త సంధి వెలువడినది. 24 సన్నని లోహపు స్పర్శలు గల ఈ చిన్న రంధ్రము ద్వారా సమాచారము, చిత్రము, కరెంటు మూడును ప్రవహింపగలవు. ఎటు తిప్పి పెట్టినను పట్టును. సౌకర్యము గొప్పది, కాని ఇందు మీటయు లేదు, బొత్తామును లేదు. లాగిన వెంటనే ఊడివచ్చును. ఏమియు అడ్డు చెప్పని వస్తువు విషయముననే మనిషి తొందరపడును.

ధర్మవరములో మగ్గముల శబ్దమును, నేతగాండ్ర మాటలను రికార్డు చేయుటకు మేము పోయినప్పుడు, నమూనాలు గీయు ఒక యువకుని గదిలో కొంతసేపు కూర్చుంటిమి. ఒక పెద్దాయన తన కొంగు నమూనా కొరకు వచ్చి నిలిచియున్నాడు. ఫైలు డిస్కులోనికి పోయినట్లు తెర మీద కనబడెను.

"ఏం నాయనా, అయిపాయె కదా, పెరికి ఇయ్యరాదా? మగ్గం నిలిచి మూడు దినాలాయ" అని పెద్దాయన తొందరచేసెను.

"తెర మీద అయిపోయింది పెద్దనాయనా, లోపల ఇంకా కాలేదు. మీరు చీర కోసేటప్పుడు అచ్చులో ఉన్న పోగులన్నీ ఊరికే పెరికేస్తారా?" అని ఆ యువకుడు నవ్వుచు బదులు చెప్పెను.

పెద్దాయన మరి మాటాడలేదు. చీరలు నేసి కోసినప్పుడు అచ్చులో దూరిన పాత పడుగు కొసలను అట్లే యుంచి, క్రొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటిగా కలుపుట నేతవారికి తెలిసిన సంగతి. కొసలు జారిపోయినచో వేల పోగులను మరల మొదటి నుండి దూర్చుకొనవలెను. ఆ యువకుని ఉపమానమునకు మించిన వివరణ మేము ఇంజనీర్ల నోట కూడ వినలేదు.

'లోపల ఇంకా కాలేదు' అనగా ఏమి? డిస్కు మీద వ్రాయుట, కంప్యూటరు ఆలోచనతో పోల్చినచో, మెల్లని పని. అందుచేత కంప్యూటరు వ్రాయవలసినదానిని ముందుగా తన తాత్కాలిక జ్ఞాపకములో నుంచుకొని, 'అయినది' అని మనకు చెప్పి, తీరికగా డిస్కు మీదికి చేర్చుట కలదు. అంగడిలో గుమాస్తా చీటీల మీద వ్రాసియుంచి సాయంకాలము పద్దు పుస్తకమున కెక్కించుట వంటిది. చీటీలు పుస్తకమున కెక్కకముందే పుస్తకమును ఎవరైన ఎత్తుకొని పోయినచో ఏమగునో ఊహించుకొనవచ్చును. ఒక్క ఫైలు చెడుటతో పోక, ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో చెప్పు విషయసూచికయే చెడినచో డిస్కులోని పాత నమూనాలన్నియు కనబడకపోవచ్చును. మైక్రోసాఫ్ట్ వారు 2018లో విడుదలైన విండోస్ 10, 1809 సంచిక నుండి బయటి డిస్కులకు 'క్విక్ రిమూవల్' అను పద్ధతిని సహజ నియమముగా చేసిరి. అనగా ఇట్లు చీటీలు పోగుచేయుట తగ్గించిరి. దీనిని విని కొందరు ఇక అడుగనక్కరలేదని తలచుచున్నారు. ఆ తలంపు సరి కాదు. వ్రాత నడుచుచుండగా పెరికినచో ఏ నియమమును కాపాడదు. పైగా నమూనా గీయు ప్రోగ్రాము తాను తెరచిన ఫైలును తన చేతిలోనే పట్టుకొనియుండవచ్చును.

కావున విడదీయు క్రమము ఇది. మొదట పనిని సేవ్ చేసి, బయటి డిస్కులోని ఫైళ్ళను తెరచిన ప్రోగ్రాములను మూయవలెను. విండోస్ యంత్రమైనచో గడియారము ప్రక్కనున్న చిన్న గుర్తులలో 'సేఫ్లీ రిమూవ్ హార్డ్‌వేర్' అనుదానిని నొక్కి, డిస్కు పేరును ఎన్నుకొని, తీయవచ్చునను జవాబు వచ్చువరకు ఆగవలెను. ఆపిల్ యంత్రమున డిస్కు పేరు ప్రక్కనుండు ఎజెక్ట్ గుర్తును నొక్కవలెను. డాకునకు రెండు డిస్కులున్నచో రెండింటికిని సెలవు చెప్పవలెను. పిమ్మట డిస్కు మీది దీపము మినుకుమినుకుమనుట మానినదా అని చూచి, తీగను కాక, తీగ కొననున్న గట్టి భాగమును పట్టుకొని తిన్నగా లాగవలెను. ప్రక్కకు వంచి లాగినచో ఊడివచ్చునది తీగ మాత్రమే కాకపోవచ్చును. లాప్‌టాపులోని రంధ్రమే వదులగును. దానిని బాగుచేయించుట ఖర్చుతో కూడిన పని.

'డిస్కు వాడుకలో నున్నది' అని యంత్రము నిరాకరించుట కలదు. దీనికి కోపగించుకొనువారిని మేము చూచియున్నాము. నిజమునకు అది చేయుచున్నది ఉపకారము: ఎవరో ఇంకను ఆ ఇంటిలో నున్నారని చెప్పుచున్నది. డిస్కులోని ఫోల్డరు తెరచియున్నదేమో, ప్రోగ్రాము మూతబడలేదేమో, వైరస్ పరీక్ష నడుచుచున్నదేమో చూడవలెను. ఏమియు తోచనిచో లాప్‌టాపును పూర్తిగా షట్‌డౌన్ చేసి, దీపములారిన పిమ్మట తీయుట నిరపాయకరము. మూత వేసి నిద్రపుచ్చుట షట్‌డౌన్ కాదు. నిద్రలో తెరచిన ఫైళ్ళు తెరచియే యుండును. ఆ సమయమున తీగ పెరికి, ఇంటికి పోయి మేలుకొలిపినచో, యంత్రము లేని డిస్కు కొరకు వెదకుచు తడబడును.

ఇప్పుడు ఈ ప్రాంతమునకు ముఖ్యమని మేము తలచునది ఒకటి చెప్పవలెను. డాకుల గురించి వ్రాయువారు సాధారణముగా కరెంటు ఎప్పుడును పోని ఊళ్ళలో కూర్చుండి వ్రాయుదురు. లాప్‌టాపునకు బ్యాటరీ కలదు గనుక కరెంటు పోయినను భయము లేదని మనమందరము నమ్ముదుము. లాప్‌టాపు వరకు అది నిజమే. కాని సొంత అడాప్టరు మీద నడుచు డాకునకు బ్యాటరీ లేదు. కరెంటు పోయిన క్షణముననే డాకు చచ్చును. దానికి తగిలించిన డిస్కును ఎవరో చెప్పకుండ పెరికినట్లే యగును. తెర మాత్రము వెలుగుచుండును గనుక మనకు ప్రమాదము తెలియదు. రెండు ఉపాయములు కలవు. డాకు అడాప్టరును, డిస్కునకు వేరే అడాప్టరున్నచో దానినికూడ, చిన్న యూపీఎస్‌కు తగిలించుట ఒకటి. అది లేనిచో, నమూనాను లాప్‌టాపు లోపలి డిస్కులోనే గీసి, దినాంతమున మాత్రము బయటి డిస్కునకు నకలు చేయుట. బయటి డిస్కు మీదనే నేరుగా పనిచేయు అలవాటు వద్దు. తెర, కీబోర్డు ఎన్నిమారులు ఆరి వెలిగినను నష్టము లేదు; వ్రాత నిలుచు వస్తువునకే ప్రమాదము.

హిందూపురము బజారున చింతపండు, బెల్లము వ్యాపారుల లెక్కలు, పట్టుగూళ్ళ అమ్మకపు లెక్కలు చూచువారికి కూడ ఇదే మాట. ఖాతాల ప్రోగ్రాము ఒక్క ఫైలును కాక పెక్కు ఫైళ్ళను ఒకేసారి తెరచి వ్రాయుచుండును; నడుమ డిస్కు మాయమైనచో పద్దునకు పద్దు పొసగదు. వారి డాకులలో తరచుగా ఇంటర్నెట్టు తీగ కూడ నుండును. ఫైలు దుకాణములోని మరియొక కంప్యూటరులో నుండి, ఆ తీగ ద్వారా తెరచినదైనచో, డాకు నుండి విడిపోయిన వెంటనే ఆ దారి తెగును. వైఫై ఉన్నదిగదా అనవచ్చును. ఒక దారి తెగి రెండవ దారి కలియు లోపల తెరచిన ఫైలు అందకపోవచ్చును. అందుచేత ముందు మూసి, తరువాత లేవవలెను.

2020 మార్చి లాక్‌డౌన్ నాడు బెంగళూరు ఆఫీసుల నుండి లాప్‌టాపులు చేతబట్టుకొని హిందూపురము వైపు ఇండ్లకు చేరిన యువతీయువకులు పలువురు. ఇండ్లలో డాకులు వెలసినది అప్పుడే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి ఆరంభమైన పిమ్మట, ఆ కర్మాగారమునకు విడిభాగములు అందించు ఫ్యాక్టరీలు కూడ చుట్టుప్రక్కల వెలసినవి. అటువంటి ఉద్యోగములలో బల్ల దగ్గర నుండి లేచి, యంత్రముల వద్దకు పోయి, మరల బల్ల దగ్గరకు వచ్చుట దినమునకు పలుమారులు జరుగును. ఇట్టివారికి వేరొక చిక్కు కలదు. డాకులో నున్నంతసేపు లాప్‌టాపు మూత వేసియుంచి పెద్ద తెర మీద పనిచేయుదురు. సాయంకాలము తీగ లాగి, మూతవేసిన యంత్రమును అట్లే సంచిలో దోపుకొని రైలో బస్సో ఎక్కుదురు. అది నిద్రించినదని వారి నమ్మకము. కొన్ని యంత్రములు నిద్రింపవు. సంచిలో గాలి ఆడక వేడెక్కి, బ్యాటరీని హరించును. తీగ తీసిన పిమ్మట మూత ఒకసారి తెరచి, తెర సర్దుకొన్నదని చూచి, నిద్రపుచ్చియో ఆర్పియో సంచిలో పెట్టవలెను. అర నిమిషము పని.

డాకును కొనువారికి రెండు మూడు మాటలు. లాప్‌టాపునకు యూఎస్‌బీ-సీ రంధ్రమున్నంత మాత్రమున అది అన్ని పనులు చేయునని తలపరాదు. కొన్ని రంధ్రములు సమాచారమునే పంపును, చిత్రమును పంపవు. రంధ్రము ప్రక్కన బాణపు మొనతో మెరుపు గుర్తు ఉన్నచో అది థండర్‌బోల్ట్, మిక్కిలి శక్తిమంతము. రెండవది కరెంటు. మీ లాప్‌టాపుతో వచ్చిన అడాప్టరు మీద ఎన్ని వాట్లు అని వ్రాసియున్నదో, డాకు కనీసము అన్ని వాట్లు లాప్‌టాపునకు ఈయవలెను. 65 వాట్లు కోరు యంత్రమునకు 45 వాట్ల డాకు తగిలించినచో, తీగ తగిలియుండగానే బ్యాటరీ మెల్లగా తరుగుట చూచి ఆశ్చర్యపోవుదురు. యూఎస్‌బీ-సీ ద్వారా 100 వాట్ల వరకు, 2021లో వచ్చిన నియమముల ప్రకారము 240 వాట్ల వరకు కూడ పంపవచ్చును గాని, దానికి తగిన తీగ కావలెను. డాకుతో ఇచ్చిన పొట్టి తీగ పొట్టిగా ఉండుటకు కారణముండును. దానికి అతుకు తీగ వేసి పొడిగించినచో తెర మిణుకును, డిస్కు మాటిమాటికి జారును.

కలుపునప్పుడు పెద్ద ఆచారమేమియు లేదు. ముందు డాకునకు కరెంటు, తెర ఇచ్చి, చివర లాప్‌టాపును కలిపి, పది సెకండ్లు తాళిన చాలును. తెర నల్లగా నున్నదని వెంటవెంటనే పెరికి, మరల గుచ్చుట మంచిది కాదు. డాకునకు సంబంధించిన సాఫ్ట్‌వేరు నవీకరణ నడుచుచున్నదని తెర చెప్పునప్పుడు మాత్రము చేయి కట్టుకొని కూర్చుండవలెను; ఆ నడుమ తీగ తీసినచో డాకే పనికిరాకుండ పోవచ్చును.

మా వృత్తికి చెందినది ఒకటి. ధ్వనిని రికార్డు చేయువారు మైకును డాకునకు తగిలించుట కలదు. అపుడు ధ్వని మార్గము డాకు గుండ పోవును. రికార్డింగు నడుచుచుండగా డాకు విడిపోయినచో ధ్వని అక్కడనే ఆగును. వేవ్ ఫైలున ఒక చిత్రము కలదు: ధ్వని నిడివి ఎంత అనునది ఫైలు మొదట వ్రాయబడును గాని, ఆ అంకె తెలియునది రికార్డింగు ఆపిన పిమ్మటనే. అందుచేత నడుమ తెగిన ఫైలున గంట సేపటి ధ్వని ఉన్నను, కొన్ని ప్రోగ్రాములకు అది సున్న నిడివిగా కనబడును. బాగుచేయు సాధనములు లేకపోలేదు. కాని ఒక ముసలి నేతగాని కంఠమును ఆ అదృష్టమునకు వదలుట ఎందుకు? ముఖ్యమైన రికార్డింగునకు మైకును లాప్‌టాపునకే తగిలింతుము. డాకును దరికి రానీయము.

చివరకు చోటు సంగతి. మగ్గమున్న ఇంటిలో పట్టు నూగు గాలిలో తేలుచుండును. డాకు గాలిసందులలోను, తీగల కొనలలోను అది పేరుకొనును. వేసవిలో డాకు సహజముగనే వెచ్చబడును. దానిమీద గుడ్డ కప్పరాదు, కాగితములు పేర్చరాదు. వారమున కొకమారు అన్ని తీగలు తీసి, కరెంటు ఆపి, మెత్తని పొడి కుంచెతో దులుపవలెను.